నెలవారీ రికార్డు చందా: ఈ ముద్రణ లోపాలు ఎందుకు?

ప్రశ్న (అమలాపురం):
నెలకొక ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) పంపే చందా క్లబ్బులో ఏడాదిగా సభ్యుడిని. వచ్చిన పన్నెండింటిలో మూడు వంగి ఉన్నాయి. ఒకదానిలో నడిమి రంధ్రం పక్కకు జరగడంతో వీణ స్వరం ఊగుతోంది. మామూలు వాటికన్నా బరువైన 180 గ్రాముల రికార్డులకే ఇలా ఎందుకు జరుగుతుందో, చందా కొనసాగించవచ్చో పెద్దలు చెప్పగలరు.

జవాబు (రాజమహేంద్రవరం):
బరువుకూ నాదానికీ నేరుగా సంబంధం లేదండీ. గాడిలో ఉన్నదే వినిపిస్తుంది కనుక, మూల టేపు, లాకర్ పూత పళ్లెం మీద గాడి కోసిన నిపుణుడి చేయి, అరిగిన నికెల్ స్టాంపరును (రికార్డులు ఒత్తే అచ్చును) సకాలంలో మార్చారా లేదా అన్నవే నాణ్యతను నిర్ణయిస్తాయి. వేడి వినైల్ (రికార్డు ప్లాస్టిక్) గాడుల్లోకి పూర్తిగా పారకపోతే గుడ్డ చింపినట్టు శబ్దం వస్తుంది. అది ఎంత కడిగినా పోదు. ఒత్తిన ప్రతిని సరిగా చల్లారనీయకుండా కవరులో పెడితే వంగుతుంది. మీ వీణ ఊగడం రంధ్రం వల్లనేనా అన్నది గడియారంతో తేల్చుకోవచ్చు: నిమిషానికి 33⅓ చుట్లు కనుక, ఊగు ప్రతి 1.8 సెకన్లకూ తిరిగి వస్తే లోపం చాలావరకు ముద్రణదే. నా దగ్గరున్న కలకత్తా డమ్‌డమ్ కర్మాగారంలో ఒత్తిన పాత ముద్రణలు పలచనివే అయినా నేటికీ నిండుగా పలుకుతున్నాయి.

జవాబు (పాలకొల్లు):
వంపు ఎండాకాలపు రవాణాలోనూ రావచ్చు. మన కాలువగట్టు ఇళ్లలో వానాకాలపు తేమకు అట్టలు బూజు పడతాయి కాబట్టి రికార్డులను గోడకు దూరంగా, నిటారుగా నిలబెట్టండి.

జవాబు (భీమవరం):
ఎక్కడ ఒత్తించారో చెప్పని, లోపమున్న ప్రతిని మార్చి ఇవ్వని క్లబ్బుకు ముందుగా డబ్బు కట్టడం నాకు సమ్మతం కాదు. నేను చందా మానుకొని, విన్నవారి మాట తెలుసుకొని విడిగా కొంటున్నాను.

అడిగినవారు:
గడియారం పెట్టి చూశాను, సరిగ్గా 1.8 సెకన్లే. ఆ ప్రతిని రేపే తిప్పి పంపుతున్నాను.