మెటానమీని 'లక్షణ' అనేయొచ్చా?

పదపరీక్ష: "వైట్‌హౌస్ ప్రకటించింది" అంటే మాట్లాడింది భవనం కాదు, అందులోని యంత్రాంగం. ఇలా ఒకదాని పేరు దాన్ని అంటిపెట్టుకున్న మరోదానికి వాడడాన్ని మెటానమీ అంటారు. తెలుగు వ్యాసాల్లో దీనికి 'లక్షణ' (మాట నేరుగా చెప్పే అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థం తీసుకోవడం) అని రాసేస్తున్నారు. సరేనా?

శబ్దవృత్తి: సరి కాదు. లక్షణ చాలా పెద్ద గంప. కావ్యప్రకాశం రాసిన అలంకారశాస్త్ర పండితుడు మమ్మటుడు పెట్టిన షరతులు మూడు: ముఖ్యార్థం (మాట నేరుగా చెప్పేది) పొసగకూడదు, చెప్పదలచినదానికి దానితో సంబంధం ఉండాలి, రూఢి (స్థిరపడిన వాడుక) గానీ ప్రయోజనం (అలా చెప్పడంలో ఉద్దేశం) గానీ ఉండాలి. "అతను సింహం" కూడా ఈ మూడింటికీ నిలుస్తుంది, కానీ అది పోలిక. పోలిక మీద నడిచేది గౌణి, మిగతాది శుద్ధ. మెటానమీకి 'శుద్ధ లక్షణ' అనండి.

మీమాంసపక్షం: మమ్మటుడొక్కడేనా కొలబద్ద? అంతకు ఎంతో ముందే మీమాంస (వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రం) పండితుడు కుమారిల భట్టు రెంటినీ విడదీశాడు. ముఖ్యార్థాన్ని విడిచి ఉండనిదాన్ని చెబితే లక్షణ, గుణాల మీదుగా వెళితే గౌణి. ఆ లెక్కన ఒట్టి 'లక్షణ' చాలు. పైగా మీ 'శుద్ధ'లో చిల్లు ఉంది. రాజు మనిషిని రాజు అనడం, మొత్తం పేరు భాగానికి పెట్టడం మెటానమీలే, ఒప్పుకుంటాను. వడ్రంగి కానివాడు ఆ పని చేస్తున్నాడని వడ్రంగి అనడాన్నీ మమ్మటుడు అందులోనే వేశాడు. అదెలా మెటానమీ?

శబ్దవృత్తి: వడ్రంగి దగ్గర దొరికిపోయాను. అయినా ఒట్టి 'లక్షణ' అంటే ఇవాళ్టి పాఠకుడు ఆలంకారికుల, అంటే మమ్మటుడి వరసవాళ్ల, అర్థమే తీసుకుంటాడు. ప్రతిసారీ "కుమారిలుడి లెక్కలో" అని రాస్తారా?

క్రియాంతం: పేరు సంగతి అలా ఉంచి, గుర్తుపట్టడానికి 'లాంటి' తగిలించి చూడండి. "సింహంలాంటి మనిషి" కుదురుతుంది. "వైట్‌హౌస్‌లాంటి యంత్రాంగం" అనగానే అర్థం తప్పిపోతుంది. తెలుగులో క్రియ చివర కూడా ఆనవాలు దొరుకుతుంది. "ఆ ఎర్ర చొక్కా లేచి నిలబడ్డాడు"లో 'డు' చొక్కాది కాదు, తొడుక్కున్నవాడిది. పాతబడి స్థిరపడిన 'ఊరు' అలా కాదు: "ఊరంతా తరలివచ్చింది", "ఊరంతా తరలివచ్చారు", రెండూ వాడుకే.

పదపరీక్ష: అంత స్థిరపడితే అది లక్షణేనా, రెండో వాచ్యార్థమా (నేరు అర్థమా)?

మీమాంసపక్షం: ఈ పేచీ పాతదే. రూఢి లక్షణకు మమ్మటుడి ఉదాహరణ 'కుశలుడు': వ్యుత్పత్తి ప్రకారం దర్భలు తెచ్చేవాడు, వాడుకలో నేర్పరి. సాహిత్యదర్పణమనే అలంకారగ్రంథంలో, మమ్మటుడి తర్వాతివాడైన విశ్వనాథుడు దాన్ని కొట్టేశాడు: వ్యుత్పత్తి ఏదైనా, నేర్పరి అన్నదే దాని ముఖ్యార్థం. బదులుగా "కళింగం సాహసి" అన్నాడు, దేశం పేరు జనానికి. 'కుశల'లో దర్భ ఎవరికీ తోచదు, కళింగంలో దేశం ఇంకా కనబడుతుంది. "వైట్‌హౌస్‌కు రంగు వేశారు" అంటే మనకు ఈరోజుకీ గోడలే తోస్తాయి. కాబట్టి అది కళింగం వరసే.