అచెబె ఇంగ్లీషా, గూగీ గికుయూనా? మీ ఓటు ఎటు?

పాతపుస్తకం:
ఆఫ్రికా రచయిత ఇంగ్లీషులో రాయాలా, అమ్మ భాషలో రాయాలా? ఆఫ్రికన్ నవలలు చదివినప్పుడల్లా నన్ను వదలని ప్రశ్న ఇది. 1962లో ఉగాండాలోని మకెరెరే కాలేజీలో, ఇంగ్లీషులో రాసే ఆఫ్రికా రచయితల సభ జరిగింది. ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958)తో అప్పటికే పేరొచ్చిన నైజీరియా రచయిత చినువా అచెబె వచ్చాడు. అక్కడే చదువుకుంటున్న కెన్యా కుర్రాడు గూగీ వా థియాంగో, తను రాస్తున్న నవల టైపు ప్రతిని చదవమని ఆయనకిచ్చాడు. అది 1964లో హైనమన్ అనే ప్రచురణ సంస్థ వాళ్ల ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్‌లో వచ్చింది. ఆ సిరీస్‌కి ఎడిటర్ అచెబేనే. పదిహేనేళ్లు తిరిగేసరికి అదే గూగీ, ఇక నవల రాస్తే మా అమ్మ భాష గికుయులోనే అని తేల్చేశాడు. నవలల వరకు అచెబె మాత్రం ఇంగ్లీషు వదల్లేదు.

నా ఓటు గూగీకే. ఎవరి గురించి రాస్తున్నావో వాళ్లకే అర్థం కాని భాషలో రాయడం నాకు మింగుడు పడదు.

మూడోబెంచీ:
పేరొచ్చాక మానేయడం తేలికేనండి. ఇంగ్లీషులో నాలుగు నవలలు రాశాక గికుయులోకి వెళ్లాడు. ఎవరికీ తెలియని కుర్రాడు మొదటి నవలే గికుయులో రాస్తే హైనమన్ వాళ్లు ముట్టుకునేవాళ్లా?

గోదారిగట్టు:
అచెబెని ఇంత సులువుగా కొట్టిపారేయకండి. నైజీరియాలో భాషలు వందల్లో ఉన్నాయి. తన భాష ఇబోలో రాస్తే పక్కనున్న యోరుబా వాడికి, హౌసా వాడికి అందదు. పైగా ఆయన ఇంగ్లీషు లండన్ ఇంగ్లీషు కాదు. ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో పెద్దమనిషి అప్పు అడగడానికి వచ్చినా ముందు కోలా కాయ పంచుకోవాలి, నాలుగు సామెతలు పడాలి, ఆ తర్వాతే అసలు సంగతి. మన ఊళ్లో పెళ్లి సంబంధం మాట్లాడినట్టే ఉంటుంది. ఆ నడకని పరాయి భాషలోకి లాక్కురావడం చిన్న పనా?

ఇంకోటి. ‘ఇబోలో రాయొచ్చుగా’ అంటారు. ఏ ఇబో? మిషనరీలు నాలుగైదు మాండలికాలు కలిపి ‘యూనియన్ ఇబో’ అని ఒకటి తయారుచేసి, 1913లో బైబిలు అందులో వేశారు. అది ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని భాషని అచెబెకి ఒళ్లు మంట. గ్రాంథికం మీద గిడుగు పంతులు గారు చేసిన పోరు తెలిసిన మనకి ఆ మంట అర్థం కావాలి.

పాతపుస్తకం:
యూనియన్ ఇబో సంగతి నాకు తెలీదు, థాంక్స్. కానీ అది నచ్చకపోతే తన ఊరి ఇబోలోనే రాయొచ్చు కదా? గిడుగు గారు గ్రాంథికం నచ్చక ఇంగ్లీషులోకి పోలేదుగా!

ఎర్రమందారం:
ఇక్కడ అందరూ పాఠకుల సంగతే మాట్లాడుతున్నారు. సర్కారు ఏం చేసిందో కూడా చూడాలి. 1977లో గూగీవి రెండు వచ్చాయి. ఒకటి ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ అనే ఇంగ్లీషు నవల. స్వాతంత్ర్యం వచ్చాక కెన్యా పెద్దలు దేశాన్ని ఎలా తిన్నారో ఉతికి ఆరేశాడు అందులో. ఎవరూ ఏమీ అనలేదు. రెండోది కెన్యాలోని లిమూరు దగ్గర కమిరీతు ఊళ్లో, గూగీ వా మిరీ అనే మరో రచయితతో కలిసి రాసిన గికుయు నాటకం. రైతులు, కూలీలే వేషాలు కట్టారు, డైలాగులు వాళ్లే దిద్దారు. అక్టోబరులో మొదలైంది, నవంబరులో లైసెన్సు రద్దయింది, డిసెంబరు ఆఖరున గూగీని పట్టుకెళ్లారు. విచారణ లేకుండా ఏడాది జైలు.

అలా పెట్టిన కమిటి అనే జైల్లో టాయిలెట్ కాగితాల మీద రాసిందే ఆయన మొదటి గికుయు నవల. 1980లో అచ్చయ్యాక చదువు రానివాళ్ల కోసం దాన్ని ఇళ్లలో, బార్లలో పైకి చదివేవాళ్లట. చదివేవాడు మంచి పట్టులో ఆపేసి, గ్లాసు నింపితేనే ముందుకెళ్లేవాడట! మూడోబెంచీ గారూ, హైనమన్ ముట్టుకుంటుందా లేదా అన్న టెన్షన్ ఆ బార్లో ఎవరికీ లేదు.

మూడోబెంచీ:
బార్ కథ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ నవల మనదాకా ఎలా వచ్చింది? వరవరరావు గారు జైల్లో ఉండి ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. గికుయు నుంచి కాదు, ఇంగ్లీషు నుంచి. ఆ ఇంగ్లీషు చేసింది కూడా గూగీయే. మళ్లీ అదే ఇంగ్లీషు వంతెన ఎక్కాంగా?

ఎర్రమందారం:
వంతెన ఎక్కాం, కాదనను. కానీ వంతెన మీద కాపురం పెట్టలేదు. నవల ముందు కమిరీతు వాళ్లకి చేరింది, ఆ తర్వాతే మనకి. ఇంగ్లీషులో రాసి ఉంటే మనం ముందు చదివేవాళ్లం, వాళ్లు అసలు చదివేవాళ్లే కాదు.

గోదారిగట్టు:
మరి రచయిత అబ్దుల్‌రజాక్ గుర్నాని ఏమంటారు? 2021లో నోబెల్ వచ్చింది. పుట్టింది జాంజిబార్‌లో, ఇంటి భాష స్వాహిలి. తూర్పు ఆఫ్రికా అంతా చెలామణీ అయ్యే భాష. అచెబె చిక్కు ఆయనకి లేదు. అయినా ఇంగ్లీషులోనే రాస్తాడు. పద్దెనిమిదేళ్లకే బ్రిటన్ వెళ్లిపోయినవాడు, ఆ బతుకే రాశాడు. ఆయనది తప్పనగలరా?

పాతపుస్తకం:
అనలేను. ఊరొదిలి వెళ్లినవాడి భాష వేరే లెక్క. డల్లాస్‌లో ఉంటూ ఇది టైపు చేస్తున్న నేను అసలే అనలేను. అయినా నా ఓటు మారలేదు. ‘మట్టికాళ్ల మహారాక్షసి’ పాత కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, డిసెంబరులో హైదరాబాద్ వస్తున్నా.

ఎర్రమందారం:
నా దగ్గరుంది. అట్ట ఊడిపోయింది. ఇస్తాను కానీ తిరిగివ్వాలి సుమా.