ఇంపాక్ట్‌కీ క్రాష్‌కీ పొంతన లేదు, తప్పెక్కడ?

నైట్ డ్యూటీ: పొద్దుట్నుంచీ దీంతోనే కుస్తీ. తలకు దెబ్బ, వయసు 34. ఇంపాక్ట్, క్రాష్ రెండూ తలకు దెబ్బ తగిలినవాళ్లు ఏమవుతారో అంచనా వేసే లెక్కలే కదా. ఇంపాక్ట్ ల్యాబ్ మోడల్‌ను (రక్తపరీక్షలు కూడా కలిపేది) ఎక్సెల్‌లో పెడితే ఆరు నెలల మరణం దాదాపు 100 శాతం అంటోంది. క్రాష్‌లో అందులో సగం కూడా రావట్లేదు. ఫార్ములా పదిసార్లు సరిచూశా. ఎక్కడ పోతోంది?

మిల్లీమోల్: గ్లూకోజ్ ఎంత వేశారు?

నైట్ డ్యూటీ: రిపోర్టులో ఉన్నదే, 216.

మిల్లీమోల్: రిపోర్టు మిల్లీగ్రాముల్లో, మోడల్ అడిగేది మిల్లీమోల్స్‌లో. 18తో భాగించండి. 12 వేయాలి. హీమోగ్లోబిన్ మాత్రం గ్రాముల్లోనే.

నైట్ డ్యూటీ: బాగా దిగింది. అయినా క్రాష్‌కి దగ్గరగా లేదు.

లెక్కల మాస్టారు: ఉండదు. క్రాష్ ఇచ్చే మరణం 14 రోజులది. ఆరు నెలలకు అది చెప్పేది మరణం కాదు, అననుకూల ఫలితం. పైగా ఇంపాక్ట్ డేటా 1984–97 నాటిది, 8,509 మందిది. అప్పటి చికిత్స వేరు. 40 శాతం అంటే ఇలాంటి వందమందిలో నలభైమంది అని. మంచం మీదున్న మనిషి ఆ నలభైలోనా, అరవైలోనా అన్నది ఏ మోడలూ చెప్పదు. ఇంట్లోవాళ్లకు అంకె చెప్పే ముందు...

వార్డు మాట: అననుకూలం అంటే "కోలుకోరు" అనేగా?

లెక్కల మాస్టారు: కాదండీ! ఎంత కోలుకున్నారో 1 (చావు) నుంచి 5 దాకా చెప్పే గ్లాస్గో అవుట్‌కమ్ స్కేలులో 1 నుంచి 3 దాకా అన్నీ అందులోకే. 3 అంటే స్పృహ ఉంటుంది, రోజువారీ పనులకు తోడు కావాలి. పగలు ఎనిమిది గంటలు ఒంటరిగా ఉండగలిగి, బయటికెళ్లడానికి మాత్రం మనిషి కావాల్సినవాళ్లూ ఇందులోనే. చావుతో కలిపి ఒకే గంపలో వేశారన్నమాట.

వార్డు మాట: మరి ఆ 3కి "తీవ్ర వైకల్యం" అనే పేరెందుకు? వినగానే గుండె జారుతుంది.

మిల్లీమోల్: పేర్లు తర్వాత. జీసీఎస్‌లో (స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు) మోటార్ స్కోరు, అంటే కదలికల మార్కు, ఎంత?

నైట్ డ్యూటీ: 1. వచ్చేసరికే ట్యూబు వేసి వెకురోనియం ఇచ్చి ఉన్నారు.

మిల్లీమోల్: ఇది ముందు చెప్పాలి కదా. కండరాలు కట్టేసే మందు మీద 1 అన్నది స్కోరే కాదు. ఇంపాక్ట్‌లో "పరీక్షించలేం" అనే గడి వేరే ఉంది. క్రాష్‌లో జీసీఎస్ మొత్తం 3 వేసి ఉంటారు, అదీ చెల్లదు. ట్యూబు వేయకముందు ఎవరైనా రాశారేమో చూడండి. లేకపోతే మందు దిగిందని నర్వ్ స్టిమ్యులేటర్‌తో (నరానికి చిన్న కరెంటు ఇచ్చి కండరం కదులుతుందో చూసేది) తేల్చుకుని, కనుబొమ్మ అంచు నొక్కండి. చెయ్యి మెడ ఎముక దాటి పైకొస్తే 5. రెండు చేతుల్లో మెరుగైనదే లెక్క.

లెక్కల మాస్టారు: కనుపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయా అన్నది కూడా చూసుకోండి. రెప్పలు వాచి కన్ను తెరవలేకపోతే "స్పందన లేదు" అని వేయకండి. కంటికే దెబ్బ తగిలినా అంతే.

నైట్ డ్యూటీ: అంబులెన్స్ చీటీలో మోటార్ 5 ఉంది. రెండింట్లోనూ మార్చా, చాలా తగ్గింది. థాంక్స్.

వార్డు మాట: పేరు సంగతి ఎవరూ చెప్పలేదు.

లెక్కల మాస్టారు: 2018లో వచ్చిన జీసీఎస్-పీ (కనుపాపలనూ కలిపిన జీసీఎస్) ఎవరైనా వాడుతున్నారా? స్పందించని కనుపాపకు ఒకటి చొప్పున జీసీఎస్‌లోంచి తీసేయడమే.