బత్తాయి బేరంలో ‘ఆఖరి రేటు ఎంత?’ అంటే అబద్ధం లేకుండా ఏం చెప్పాలి?

నల్లగొండ చుట్టుపక్కల తోటల్లో బత్తాయి కొని హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పంపుతాను. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అన్న సామెతలు 11:1 చదివాక, గత ఆగస్టు నుంచి తరుగు పేరుతో తూకంలో కొన్ని కిలోలు కోయడం మానేశాను. కాంటా మీద ఎంత తూగితే అంతకే డబ్బు. దాంతో ఇబ్బంది లేదు, చిక్కంతా బేరం దగ్గరే.

ముందు ఒకే రేటు చెప్పి చూశాను, టన్నుకు 22,000. ‘సేటూ, అది మొదటి మాట, ఆఖరిది చెప్పు’ అంటారు. అదే ఆఖరు అంటే నమ్మరు. తర్వాత మార్కెట్ రేటు, డీసీఎం బండి కిరాయి, కోత కూలి, నా లాభం అన్నీ కాగితం మీద రాసి చూపించాను. ఇద్దరు రైతులు మెచ్చుకున్నారు, కానీ కాయ మాత్రం 500 ఎక్కువిస్తానన్న వేరే వ్యాపారికే అమ్మారు. అతను టన్నుకు 80 కిలోలు తరుగు తీశాడట! 9 తోటల్లో 4 చేజారాయి.

పాత పద్ధతిలో 20,000 నుంచి మొదలుపెడితే బేరం ఇట్టే తెగుతుంది. కానీ ‘అంతకు మించి నా వల్ల కాదు’ అనాల్సి వస్తుంది, అది అబద్ధం. తక్కువతో మొదలుపెట్టడం తప్పనిపించడం లేదు, ఆ మాటే గొంతులో అడ్డం పడుతోంది. మా పాస్టర్ గారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. చేస్తున్నాను, కానీ రేపు పొద్దున తోటలో రైతుకు జవాబు చెప్పాలి కదా.

వ్యాపారంలో ఉన్న విశ్వాసులు చెప్పండి: ఇంకా పెంచే వీలున్నప్పుడు రైతు ‘ఇదే ఆఖరా?’ అని అడిగితే, మీరు సరిగ్గా ఏ మాట అంటారు?