యెలాపాకి ఎలా వెళ్ళాలి? నవంబర్ లాంగ్ వీకెండ్, మామగారు, నాలుగేళ్ళ పాపతో

గ్వాదలహారా కొత్తబ్బాయి

అందరికీ నమస్కారం. మెక్సికోలో గ్వాదలహారా వచ్చి ఏడు వారాలైంది. రెసిడెన్సీ కార్డుకి కంపెనీ వాళ్ళు అప్లై చేశారు, ఇంకా చేతికి రాలేదు. నవంబర్ మూడో సోమవారం సెలవు కదా, ఆ మూడు రోజుల్లో యెలాపా అనే ఊరు చూసి రావాలని ఉంది. ఆఫీసులో ఒకతను ఫొటోలు చూపించాడు. రోడ్డు లేని ఊరట, పడవలోనే వెళ్ళాలట. వచ్చేది నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన మా మామగారు. ఆయనకి మోకాళ్ళ నొప్పి, పైగా శుద్ధ శాకాహారి. నా స్పానిష్ 'గ్రాసియాస్' దగ్గరే ఆగిపోయింది. బస్సా, కారా? పడవ ఎక్కడ ఎక్కాలి? రాత్రికి అక్కడ ఉండొచ్చా?

మోంతెర్రే మామ

తమ్ముడూ, బీచ్ సంగతి తర్వాత. ముందు ఇల్లు దొరికిందా? ఫియాదోర్ ఉన్నాడా? ఇక్కడ అద్దెకి దిగాలంటే సాధారణంగా అదే ఊళ్ళో సొంత ఇల్లున్న మనిషి హామీ ఉండాలంటారు. మనకి అలాంటి చుట్టం ఎక్కణ్ణుంచి వస్తాడు? 'పోలిసా హురీదికా' అని డబ్బు కట్టి ఒక కాగితం చేయించుకుంటే సరిపోతుంది, ఇంటి ఓనర్‌ని అడుగు. ఇక రెండోది, కార్డు రాకుండా నువ్వు ఊరు దాటకూడదు. రూల్ అది. మీ మామగారికి వీసా ఉందా?

గ్వాదలహారా కొత్తబ్బాయి

ఇల్లు కంపెనీ ఇచ్చింది మామగారూ. మా మామగారికి పదేళ్ళ అమెరికా వీసా ఉంది, దాని మీదే వచ్చారు. కార్డు లేకుండా ఊరు దాటకూడదా?! టెన్షన్ పెట్టకండి, బస్ టికెట్లు కొనబోతున్నాను.

త్లాకెపాకె బాబాయ్

ఏం కాదు, కొనుక్కో. మామ రెండు రూల్స్ కలిపేసి చెప్పాడు. వీసా మీద దేశంలోకి వచ్చాక 30 రోజుల లోపు కార్డు కోసం మిగ్రాసియోన్ ఆఫీసులో, అంటే వలసల ఆఫీసులో, పని మొదలుపెట్టాలి. అది నడుస్తుండగా పర్మిషన్ లేకుండా దేశం దాటకూడదు. దేశం వేరు, ఊరు వేరు. గ్వాదలహారా, నువ్వు పడవెక్కాల్సిన సముద్రం ఒడ్డు ఊరు వయార్తా, యెలాపా మూడూ హలీస్కో రాష్ట్రంలోనే ఉన్నాయి.

ఒరిజినల్ పాస్‌పోర్టు, అప్లై చేసినట్టు ఆఫీసు ఇచ్చిన కాగితం మాత్రం దగ్గర పెట్టుకో. మామగారికి అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ తీసుకురమ్మను. అన్నీ ఒక జిప్ కవర్లో వేసి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టు. పడవలో తడవనిదంటూ ఏదీ ఉండదు.

మోంతెర్రే మామ

రోడ్ల మీద ఆపి కాగితాలు అడిగే అధికారమే మిగ్రాసియోన్ వాళ్ళకి లేదు బాబాయ్. 2022లో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి ఫొటో కాపీ తీసుకెళ్తే చాలు.

త్లాకెపాకె బాబాయ్

తీర్పు నిజమే. వలస చట్టంలో విదేశీయులు కాగితాలు దగ్గర పెట్టుకోవాలి, అధికారులు అడిగితే చూపించాలి అని ఉన్నదీ నిజమే. రాత్రి పూట బస్సాపి టార్చ్ లైట్ వేసినవాడికి స్పానిష్ రాని ఈ పిల్లాడు సుప్రీంకోర్టు తీర్పు చదివి వినిపిస్తాడా? ఒరిజినల్ తీసుకెళ్ళనీ.

వయార్తా వదిన

అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. వయార్తాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, చుట్టాలు వచ్చినప్పుడల్లా యెలాపా తిప్పుతూనే ఉన్నా. తమ్ముడూ, ముందుగా ఒక మాట. రెండు ఎల్‌లు కలిస్తే ఇక్కడ 'య' పలుకుతారు, 'వల్లార్టా' అంటే టాక్సీవాడికి అర్థం కాదు.

రోడ్డు లేదనేది సగమే నిజం. ఎల్ తుయితో అనే ఊరి వైపు నుంచి మట్టి దారి ఉంది. వానలు పడిన ఏడాది ఆ దారి ఊసెత్తకండి. పడవే ఖాయం చేసుకోండి.

పడవలు రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి పాత ఊళ్ళో లోస్ మ్వెర్తోస్ రేవు, తెరచాప ఆకారంలో కట్టింది, దూరం నుంచే కనిపిస్తుంది. అక్కణ్ణుంచి సుమారు ముప్పావు గంట. లోస్ మ్వెర్తోస్ అంటే 'చచ్చిపోయినవాళ్ళు' అని అర్థం. మీ మామగారికి చెప్పకండి. మా అత్తగారు ఆ అర్థం తెలిశాక పడవెక్కనని అరగంట గట్టు మీదే కూర్చుంది. రెండోది బోకా దె తొమాత్లాన్. బసీలియో బదీయో, కోన్స్తితుసియోన్ వీధులు కలిసే మూల నిలబడితే అద్దం మీద 'బోకా' అని రాసిన సిటీ బస్సు వస్తుంది. కొండ అంచున సముద్రం చూసుకుంటూ వెళ్ళి దాని చివరి స్టాపులో దిగితే రేవు ఎదురుగానే. అక్కణ్ణుంచి నీళ్ళ మీద ఉండే సమయం తక్కువ. పాప, పెద్దాయన ఉన్నారు కాబట్టి నా ఓటు బోకాకే.

పంగా అంటే ఫైబర్ పడవ, వెనక మోటారు, పైన గుడ్డ పందిరి. నేను సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్ళిన దాన్ని, నాకు పడవలు కొత్తా అనుకుని మొదటిసారి ముందు వరసలో కూర్చున్నా. పంటు పల్లకీలా పోతుంది, ఇది ఎగిరి పడుతుంది. రెండు రోజులు నడుము పట్టుకుని తిరిగా. వెనక, మోటారు దగ్గర కుదుపు తక్కువ, మామగారిని అక్కడ కూర్చోబెట్టండి. పాపకి సరిపోయే చిన్న 'చలేకో', అంటే లైఫ్ జాకెట్, అడిగి, తొడిగాకే పడవ కదలనివ్వండి. పొద్దున సముద్రం చెరువులా ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేచాక వేరే మనిషి. అందుకని తొమ్మిది, పది గంటలకల్లా పడవలో ఉండండి.

అన్నిటికంటే ముఖ్యం, దిగే చోటు. యెలాపాలో పడవ రెండు చోట్ల ఆగుతుంది. 'ప్లాయా' అంటే ఇసుక ఒడ్డు. అక్కడ అల వెనక్కి వెళ్ళిన సందు చూసి నీళ్ళలోకి దూకాలి, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. 'ప్వెబ్లో' అంటే ఊరి వైపు రేవు. అక్కడ గట్టు మీద కాలు పెట్టొచ్చు. మీ మామగారి మోకాళ్ళకి రెండోదే దిక్కు. పడవవాడికి ఎక్కేటప్పుడే 'ముయే దెల్ ప్వెబ్లో' అని చెప్పండి, మళ్ళీ మధ్యలో ఇంకోసారి చెప్పండి. ఈ రెండు ఒడ్డులకీ మధ్య ఏరు వచ్చి కలుస్తుంది. బస ఏ ఒడ్డున తీసుకున్నారో చూసుకోకుండా దిగితే సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని ఏరు దాటాల్సి రావచ్చు. సూట్‌కేసే వద్దు, బ్యాక్‌ప్యాక్ తెచ్చుకోండి.

టికెట్ ఒక వైపుకే కొనండి. రానుపోను కొంటే అదే పడవల వాళ్ళ కోసం ఎండలో కాచుకోవాలి. చివరి పడవ ఎన్నింటికో దిగగానే అడగండి, ఇద్దరిని అడగండి.

సాపోపాన్ అన్న

వదిన గారు దారి చెప్పారు, డబ్బు సంగతి నేను చెప్తా. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

2019లో ఈస్టర్ వారం సెలవులు. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. యెలాపాలో ఒకాయన దగ్గర రెండు గదులు మాట్లాడుకున్నా, అంతా మెసేజ్‌ల మీదే. సగం అడ్వాన్స్ కావాలన్నాడు. ఇక్కడ మూల కొట్టు కౌంటర్లో కార్డు నంబర్ చెప్పి నగదు కట్టొచ్చు కదా, అలా కట్టి రసీదు ఫొటో పంపా. 'పెర్ఫెక్తో' అన్నాడు.

పంగా దిగాం. దిగగానే పంగనామం. గదులు రెండూ వేరే కుటుంబానికి ఇచ్చేశాడు. ఎప్పుడు ఖాళీ అవుతాయంటే 'ఆఒరీతా' అన్నాడు. కొత్తబ్బాయీ, ఈ మాట నేర్చుకో. మనవాళ్ళు దుప్పట్లో ఉండి ఫోన్లో 'ఇదిగో వచ్చేస్తున్నా, సందు చివరున్నా' అంటారే, అదే ఇది. ఐదు నిమిషాలూ కావచ్చు, వచ్చే జన్మా కావచ్చు. మూడు గంటలు కూర్చున్నాక పైన కొండ మీద ఒక గది చూపించాడు. మా నాన్న లోపలికి వెళ్ళి చుట్టూ చూసి, 'నాలుగో గోడ ఏదిరా?' అన్నారు. లేదు. మూడు గోడలు, తాటాకు లాంటి కప్పు, నాలుగో వైపు సముద్రం. అక్కడ చాలా గదులు అలాగే ఉంటాయని నాకు తర్వాత తెలిసింది, అందుకే అందరూ ఇష్టపడి వస్తారట. మా అమ్మ మాత్రం తలుపు లేని గదిలో నిద్ర పట్టదని రాత్రంతా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మంచం ఒకటే. నాన్న ఉయ్యాల మంచంలో పడుకున్నారు. తెల్లారి చెప్పు దులిపితే తేలు. పసుపు రంగుది, చిటికెన వేలంత.

అడ్వాన్స్ వెనక్కి ఇమ్మంటే డబ్బు తమ్ముడి దగ్గరుంది, తమ్ముడు ఎల్ తుయితో వెళ్ళాడు, ఆఒరీతా వస్తాడన్నాడు. తమ్ముడి కోసం మధ్యాహ్నం దాకా కూర్చుంటే గాలి లేచింది, మా రానుపోను టికెట్ పడవ వెళ్ళిపోయింది. ఇంకో పడవకి మళ్ళీ డబ్బు కట్టి, అమ్మ వాంతులు చేసుకుంటూ ఉండగా వయార్తా చేరాం. తర్వాత రెండు వారాలు నా మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పెట్టాడు, ఆ తర్వాత బ్లాక్ చేశాడు. రసీదు ఇప్పటికీ నా పర్సులో ఉంది. అక్షరాలు ఎగిరిపోయి తెల్ల కాగితం మిగిలింది.

కాబట్టి ముందు డబ్బు పంపకు. పంపక తప్పదంటే రద్దు చేసుకునే వీలున్న పెద్ద బుకింగ్ యాప్‌లో చెయ్యి. 'గదికి నాలుగు గోడలున్నాయా, దోమతెర ఉందా' అని రాసి అడుగు. ఇంకా, బస్సు వద్దు. కారు తీసుకుని మాస్కోతా కొండ దారిన రా. దారిలో సాన్ సెబాస్తియాన్ దెల్ ఓయెస్తే అని పాత వెండి గనుల ఊరు, చూసి తీరాలి.

త్లాకెపాకె బాబాయ్

మాస్కోతా దారా? నాలుగేళ్ళ పిల్లతోనా? ఆ మలుపులకి నాకే కళ్ళు తిరిగాయి. ఎన్నిసార్లు చెప్పినా నీకు ఆ దారి పిచ్చి పోదు. కారు ఎలాగూ యెలాపా రాదు, మూడు రోజులు పార్కింగ్‌కి డబ్బు తగలెయ్యాలి. కొత్తబ్బాయీ, త్లాకెపాకెలో పెద్ద బస్ టెర్మినల్ నుంచి టోల్ రోడ్డు మీద వెళ్ళే బస్సెక్కు, సుమారు ఐదు గంటలు. ఈతీఎన్ బస్సుల్లో వరసకి మూడే సీట్లు, మామగారు కాళ్ళు చాపుకోవచ్చు. స్వెటర్ మర్చిపోకు, ఏసీ చేపల బండిలో లాగా పెడతారు. దారిలో నయారీత్ రాష్ట్రంలోకి వెళ్ళగానే ఫోన్లో టైమ్ గంట వెనక్కి వెళ్తుంది. కంగారు పడకు, వయార్తా దగ్గరికొచ్చేసరికి మళ్ళీ సరవుతుంది.

సాపోపాన్ అన్న

పదిసార్లు వెళ్ళా ఆ దారిన, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు.

త్లాకెపాకె బాబాయ్

రెండోసారి మీ ఆవిడ బస్సులో తిరిగొచ్చింది. మా ఇంట్లోనే భోజనం చేసింది.

వయార్తా వదిన

మీ ఇద్దరూ ఆ పంచాయితీ విడిగా పెట్టుకోండి. తిండి సంగతి చెప్పనివ్వండి. 'సిన్ కార్నే', అంటే 'మాంసం లేకుండా', అంటే సరిపోదు తమ్ముడూ. ఇక్కడ చాలామంది లెక్కలో కోడి, చేప 'కార్నే' కిందికి రావు. అన్నం కోడి రసంలో ఉడికించి ఉండొచ్చు, చిక్కుడు ముద్దలో పంది కొవ్వు కలిపి ఉండొచ్చు. చిన్న కాగితం మీద రాసి మామగారి జేబులో పెట్టండి: 'ని పోయో, ని పెస్కాదో, ని కాల్దో దె పోయో, ని మాంతేకా'. కోడి, చేప, కోడి రసం, పంది కొవ్వు ఏవీ వద్దని. చీజ్ పెట్టిన రొట్టె కేసదీయా, నాగజెముడు కూర నోపాల్, బొప్పాయి, కొబ్బరి బొండాం భయం లేకుండా తినొచ్చు. బీచ్‌లో ఆడవాళ్ళు నెత్తిన డబ్బా పెట్టుకుని 'పై' అనే తీపి వంటకం ముక్కలు అమ్ముతారు. నిమ్మకాయది, కొబ్బరిది బాగుంటాయి, అయితే గుడ్డు ఉంటుంది, ముందే చెప్పండి. మొదటి రోజుకి పులిహోర కలిపి తెచ్చుకోండి, మార్కెట్లో చింతపండు దొరుకుతుంది. రుచి చూడమని ఇచ్చే రాయిసీయా మాత్రం తినేది కాదు, కలబందలా కనిపించే అగావే మొక్క నుంచి తీసిన సారా.

నగదు వయార్తాలోనే తీసుకోండి, యెలాపాలో ఏటీఎమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. 500 నోటు ఇస్తే చిల్లర లేదంటారు, 50లు, 100లు ఉంచుకోండి. చీకటి పడే వేళ కంటికి కనపడని ఈగలు కుడతాయి, 'హెహేనెస్' అంటారు. పాపకి నిండు చేతుల చొక్కా వెయ్యండి.

మోంతెర్రే మామ

ఆ ఊళ్ళో స్థలాలు చవకట కదా, ఒక ప్లాట్ తీసుకుంటే?

త్లాకెపాకె బాబాయ్

అది ఆదివాసీ సముదాయం ఉమ్మడి భూమి. బయటివాళ్ళకి అమ్మరు, కుదిరితే లీజు. కరెంటు కూడా 2001లోనే వచ్చిన ఊరు అది, అప్పుడే ప్లాట్ల దాకా వెళ్ళావా?

గ్వాదలహారా కొత్తబ్బాయి

అందరికీ థ్యాంక్స్. బస్సు, బోకా, ప్వెబ్లో రేవు, నాలుగు గోడల గది. రాసుకున్నా. పాపకి కారులోనే వాంతులవుతాయి, పడవలో ఎలా? మందు ఏ పేరుతో అడగాలి?

వయార్తా వదిన

ద్రామామీనే అని అడగండి. కానీ పాపకి డోసు మీరు లెక్కేయకండి. చాలా మందుల షాపుల పక్కనే డాక్టర్ గది ఉంటుంది, తక్కువ ఫీజుకి చూస్తారు. పాప బరువు చెప్పి రాయించుకోండి, బయల్దేరే ముందు రోజే. పొద్దున పాలు పట్టకుండా రెండు బిస్కెట్లు పెట్టి ఎక్కించండి. అమ్మ ఒళ్ళో వద్దు, మధ్య వరసలో, మొహం ఒడ్డు వైపు.