అప్‌డేట్: ప్రొడక్ట్ మేనేజర్ అసలు పని ఏమిటన్న నా ప్రశ్న గురించి

మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే మా సంస్థలో నన్ను ప్రొడక్ట్ మేనేజర్‌ను చేశారనీ, ప్రాజెక్ట్ మేనేజర్ పనికీ దీనికీ తేడా తెలియడం లేదనీ గత నెల అడిగాను. ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో ముందు చదవమన్న సలహా బాగా పనికొచ్చింది.

1931లో అమెరికాలో సబ్బులు తయారుచేసే ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కామే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకెల్‌రాయ్, అదే కంపెనీ ఐవరీ సబ్బు నీడలో తన సబ్బు వెనకబడుతోందని గమనించి, ఒక్కో బ్రాండ్ బాధ్యత పూర్తిగా మోసే మనుషులు కావాలని మెమో రాశారు. అమ్మకాలు తగ్గిన చోటికి స్వయంగా వెళ్లి దుకాణదారులనూ వాడకందారులనూ కలవాలని అందులో ఉంది.

సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాక ఈ పని ప్రకటనల నుంచి, ఏం తయారుచేయాలో తేల్చడం వైపు జరిగిందిగానీ, స్వయంగా వెళ్లి కలవాలన్న ఆ మాట మాత్రం నాకు ఉన్నదున్నట్టుగా అక్కరకొచ్చింది. మా సాఫ్ట్‌వేర్ వాడకం తగ్గిన మూడు దుకాణాలకు వెళ్లాను. ఒకచోట గుమాస్తా బ్యాచ్ నంబరునూ ఎక్స్‌పైరీ తేదీనీ అట్టముక్క మీద రాసుకుని, రద్దీ తగ్గాక కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాడు. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు గడులూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. కొత్త రిపోర్టుల పని ఆపించి, ముందు వాటిని ఒకే పేజీలోకి తెప్పిస్తున్నాను. మా పైఅధికారికి ఇది ఇంకా పూర్తిగా నచ్చలేదు.