8×10 వంటగదికి ఎదురెదురు గట్లా, యు ఆకారమా?

సున్నపుగీత:
గది వెడల్పు 8 అడుగులు, పొడవు 10. గుమ్మం ఒక పొట్టి గోడకు సరిగ్గా మధ్యలో ఉంది, వెడల్పు 3 అడుగులు, తలుపు బయటికి తెరుచుకుంటుంది. ఎదుటి పొట్టి గోడకు కిటికీ, దాని అడుగు నేల నుంచి 42 అంగుళాల ఎత్తులో ఉంది. బయటి గోడ అదొక్కటే. రోజూ ఇద్దరు కలిసి వండుతారు. నిలబడితే ఒకరి మోచేయి 40 అంగుళాల ఎత్తు, రెండోవారిది 37. నీళ్ల గొట్టాలు, కరెంటు ఇంకా వేయలేదు. మూడు గోడలకూ యు ఆకారంలో గట్టు వేస్తే చోటు ఎక్కువ దొరుకుతుందని కొందరు, పొడుగు గోడలకు ఎదురెదురుగా రెండు గట్లు చాలని కొందరు అంటున్నారు. ఎల్ ఆకారం కూడా లెక్కలోకి తీసుకోవాలా? కారణాలతో చెప్పండి.

గట్టుపని:
ముందు ఎల్ ఆకారాన్ని పక్కన పెట్టేద్దాం. 96 అంగుళాల వెడల్పులో 24 గట్టుకు పోతే 72 అంగుళాల నేల ఖాళీగా మిగులుతుంది. అంత నడవ ఇద్దరికి కూడా అక్కర్లేదు. ఒక్కరు వండితే 42, ఇద్దరు వండితే 48 అంగుళాలు సరిపోతుంది.

ఎదురెదురు గట్లయితే 24 + 48 + 24 = 96. ఈ గది కొలతకు అచ్చంగా కుదిరింది. ఎడమ గోడ 120 అంగుళాలను గుమ్మం వైపు నుంచి ఇలా పంచండి: 12 ఖాళీ గట్టు, 30 పొయ్యి, 36 తరుగుడుకు, 24 సింకు, 18 కడిగినవి పెట్టడానికి. పొయ్యికీ సింకుకీ మధ్య ఆ 36 అంగుళాలు ఏకంగా ఉండాలి. పని అంతా జరిగేది అక్కడే. అది 24కి తగ్గిందంటే తరిగే పలక పెట్టాక పక్కన గిన్నెకు చోటుండదు. కుడి గోడకు గుమ్మం దగ్గర ఫ్రిజ్, మిగతాదంతా రెండోవారి గట్టు.

మూలసొరుగు:
గట్టుపని గారూ, మీ లెక్కలో కిటికీ కింద 48 అంగుళాల గోడ ఉత్తినే పోయింది. అటువైపు గుమ్మం లేదు కాబట్టి అక్కడికి ఎవరూ నడవరు కూడా. గదిలో మంచి వెలుతురు పడేదే అక్కడ. ఆ ముక్కను గట్టుతో మూసేస్తే 48×24, అంటే 8 చదరపు అడుగుల పైభాగం అదనంగా వస్తుంది. ఎదురెదురు గట్లకు 40 చదరపు అడుగులైతే యుకు 48. సింకును కిటికీ కిందికి తెస్తే గిన్నెలు కడిగేవారికి వెలుతురు, గాలి రెండూ దొరుకుతాయి. గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాళ్లు వండేవాళ్ల మధ్యలోంచి దాటిపోయే పని ఎలాగూ లేదు. మూసేయడానికి అభ్యంతరం ఏమిటి?

గట్టుపని:
పైభాగం 8 చదరపు అడుగులు పెరిగే మాట నిజం. కానీ మనిషి నిలబడి చేయి చాపగలిగే ముందు అంచు ఎంత పొడవుందో కొలవండి. ఎదురెదురు గట్లకు 120 + 120 = 240 అంగుళాలు. యు ఆకారానికి 96 + 48 + 96, అదీ 240 అంగుళాలే. కొత్తగా వచ్చిన 48 అంగుళాల అంచుకు బదులు రెండు మూలల్లో 24 చొప్పున 48 పోయింది. కింది అరల తలుపులు, సొరుగులు ఈ అంచుకే వస్తాయి కాబట్టి నిల్వలో పెరిగేది చేతికందని మూలలే.

పైగా మూలలో రెండు వైపులా సొరుగులు పెడితే ఒకదాని పిడి రెండోదానికి తగులుతుంది. అది తప్పాలంటే ప్రతి మూలలో రెండు వైపులా 2 నుంచి 3 అంగుళాల పట్టీ వదలాలి. ఆ లెక్కన అంచు మరో 8 నుంచి 12 అంగుళాలు తగ్గుతుంది. పటంలో ఇది కనబడదు, అరలు బిగించాక మొదటి సొరుగు లాగినప్పుడు తెలుస్తుంది.

ఇంకో సంగతి. కిటికీ కింద సింకు ముందు నిలబడే చోటు 48 అంగుళాలే, రెండు పక్కలా గట్లు మూసి ఉంటాయి. ఒకరు కడుగుతుంటే ఆ మూలల్లో రెండోవారు పని చేయలేరు, ఇద్దరి కాళ్లూ ఒకే నేల మీద పడతాయి. ఇద్దరు వండే ఇంటికి ఇది చిన్న లోపం కాదు.

మూలసొరుగు:
మూలలు వృథా అనడం పాతకాలపు అరలకు చెల్లుతుంది. తలుపుతో పాటు బయటికి వచ్చే మూల ట్రేలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పెద్ద గిన్నెలు, అప్పుడప్పుడూ తీసే యంత్రాలు అక్కడ పెట్టుకోవచ్చు. అయితే అంచు పొడవు సమానమేనన్న లెక్క సరైనదే, దాన్ని కాదనను.

నీటిమట్టం:
ఆకారం కంటే ముందు గొట్టాలు ఎటు పోతాయో తేల్చుకోండి. బయటి గోడ ఒక్కటే అన్నారు. సింకు మురుగుగొట్టం, చిమ్నీ గొట్టం రెండూ ఆ గోడనే అడుగుతాయి.

మురుగుగొట్టానికి అడుగుకు పావు అంగుళం వాటం కావాలి. సింకును గుమ్మం వైపు పెడితే గొట్టం సుమారు 8 అడుగులు నడిచి 2 అంగుళాలు దిగాలి. దిగడం కష్టం కాదు, కానీ అరల వెనక అంత దూరం గొట్టం పోతే ఆ సొరుగులన్నీ 3, 4 అంగుళాలు కురచ చేయాలి. నూనె జిడ్డు పేరుకునే దూరం పెరుగుతుంది. మూసుకుపోతే తీయడానికి మధ్యలో మూత ఉన్న టి ఆకారపు గొట్టం ముక్క పెట్టి, దాని ముందున్న అర వెనక పలక ఊడదీసేలా ఉంచాలి. గట్టుపని గారి పటంలో సింకు మధ్యబిందువు బయటి గోడకు 30 అంగుళాల దూరంలో ఉంది. అది మంచి చోటు.

అప్పుడు చిమ్నీ గొట్టం 7 అడుగుల 9 అంగుళాలు పోవాలి. పొయ్యి పైనుంచి లేచి, ఒక్క వంపు తిరిగి, పై అరల మీదుగా తిన్నగా బయటికి పోతుంది కాబట్టి ఫరవాలేదు. 6 అంగుళాల గొట్టాన్ని మధ్యలో 4కి తగ్గించకండి. ముడతల గొట్టం కన్నా నున్నటిది వేయండి. వంపు పెరిగిన కొద్దీ లాగుడు తగ్గుతుంది, మోత పెరుగుతుంది. గాలి దూరం పోయినా ఫ్యాను నెడుతుంది, మురుగును నెట్టేది ఏదీ లేదు. అందుకే బయటి గోడ పక్కన చోటు సింకుకే ఇవ్వాలంటాను.

యు వైపు మొగ్గేవాళ్లకు ఒక హెచ్చరిక: గట్టు 35 అంగుళాల ఎత్తు, దాని మీద కుళాయి 12 అంగుళాలు, మొత్తం 47. కిటికీ అడుగు 42 దగ్గరే ఉంది. రెక్కలు లోపలికి తెరుచుకునే కిటికీ అయితే కుళాయికి కొట్టుకుంటుంది.

మూడడుగులు:
గట్టుపని గారి పటంలో ఒక పెద్ద తప్పుంది, ఫ్రిజ్. తలుపుతో కలిపి దాని లోతు 28, వెనక గాలికి 2, మొత్తం 30 అనుకుందాం. గుమ్మం పక్క గోడ కూడా 30 అంగుళాలే. అంటే ఫ్రిజ్ ముఖం సరిగ్గా గుమ్మం అంచుకు వస్తుంది. తలుపు తెరిస్తే దారి మూసుకుపోతుంది. అంతకన్నా చెడ్డది, ఫ్రిజ్‌కు ఎదురుగా పొయ్యి ఉంది. అక్కడ నడవ 42కి తగ్గింది. పొయ్యి ముందు మనిషికి 20 అంగుళాలు పోతే మిగిలేది 22, అందులో 30 అంగుళాల ఫ్రిజ్ తలుపు తిరగాలి. వేడి గిన్నె పట్టుకున్న మనిషి వీపుకు ఆ తలుపు తగులుతుంది.

త్రికోణం లెక్క కూడా ఇదే చెబుతుంది. సింకు, పొయ్యి, ఫ్రిజ్‌ల ముందు అంచుల మధ్యబిందువులు కలిపితే ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మొత్తం 26 అడుగులు మించకూడదు. ఈ పటంలో పొయ్యి–ఫ్రిజ్ భుజం 3 అడుగుల 8 అంగుళాలే.

సొరుగుపిడి:
త్రికోణాన్ని ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నాం? 1940లలో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో చిన్న ఇళ్ల నిర్మాణ ఖర్చు తగ్గించే పరిశోధనల్లో ప్రచారంలోకి వచ్చిన కొలత అది. వండేది ఒక్కరే, యంత్రాలు మూడే అన్న లెక్క. అంతకుముందు 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది కూడా అంతే: 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అడుగులు ఆదా చేయడంలో దానికి సాటి లేదు, కానీ రెండో మనిషికి చోటు లేదు. ఇక్కడ వండేది ఇద్దరు. కాబట్టి ఎవరి పనిచోటు వాళ్లకుందా, ఒకరి దారి ఇంకొకరి వీపు వెనక ఎన్నిసార్లు పోతుంది అన్నది చూడాలి.

మూడడుగులు:
ఇద్దరికీ త్రికోణం చాలదన్నది ఒప్పుకుంటాను. కానీ పటంలో తప్పు పట్టించింది ఆ పాత లెక్కే కదా. జల్లెడలా వాడుకుందాం. అది దాటిన పటాన్ని మీరన్నట్టు పనిచోట్ల లెక్కతో చూద్దాం.

గట్టుపని:
ఫ్రిజ్ విషయంలో పొరబడ్డాను, మూడడుగులు గారు చెప్పింది సరైనది. కుడి గోడను ఇలా మార్చాను: గుమ్మం వైపు నుంచి 48 గట్టు, 30 ఫ్రిజ్, 42 గట్టు. ఇప్పుడు ఫ్రిజ్ ఎదురుగా పొయ్యి పోయి తరుగుడు చోటు వచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసేది ఎక్కువగా తరిగేవారే కాబట్టి వెనక్కి తిరిగి తీసుకుంటారు. భుజాలు: పొయ్యి–సింకు 5 అడుగుల 3 అంగుళాలు, పొయ్యి–ఫ్రిజ్ 4 అడుగుల 7, సింకు–ఫ్రిజ్ 4 అడుగుల 2. మొత్తం 14 అడుగులు. తీసిన వస్తువు దించడానికి ఫ్రిజ్‌కు రెండు పక్కలా గట్టుంది. గుమ్మం దగ్గరి 48 అంగుళాలు రెండోవారి పనిచోటు, వడ్డనకు బయటికి పోయేవి కూడా అక్కడి నుంచే పోతాయి.

సొరుగుపిడి:
పాత పటం కన్నా ఎంతో నయం. మిగిలిన చిక్కు ఒకటే: నీళ్ల కోసం వచ్చే మూడో మనిషి పొయ్యి వెనక నుంచి నడవాలి. అక్కడ నడవ 48 ఉంది, మనిషికి 20 పోగా 28 అంగుళాలు మిగులుతుంది, పక్కకు తిరగకుండా దాటొచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో గిన్నెల పిడులు లోపలికి తిప్పి పెట్టడం మాత్రం తప్పనిసరి.

మూలసొరుగు:
ఈ పటం యు కన్నా మెరుగే అనుకుంటున్నాను, ముఖ్యంగా ఇంతవరకూ ఎవరూ ఎత్తని ఒక కారణంతో. మోచేతులు 40, 37. తరిగే గట్టు మోచేతికి 4 నుంచి 6 అంగుళాల కిందుండాలి. ఒకరికి 35, ఇంకొకరికి 32 కావాలి. ఎదురెదురు గట్లయితే ఎడమది 35, కుడిది 32 పెట్టేయొచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. యులో ఆ 3 అంగుళాల మెట్టు ఏదో ఒక మూలలో పడుతుంది, అక్కడ మురికి చేరుతుంది.

ఒక్క షరతు. గట్టు మీద పెట్టే పొయ్యి అయితే అది 4, 5 అంగుళాల ఎత్తుంటుంది. 35 మీద 5, పైన 6 అంగుళాల గిన్నె అంటే గిన్నె అంచు 46. కలిపేటప్పుడు భుజం లేస్తుంది, ఎత్తైన మనిషికి కూడా. పొయ్యి కింది గట్టు ముక్కను 4 అంగుళాలు దించి కట్టించండి.

గట్టుపని:
దానికి ఒప్పుకోను. దించితే మెట్టు సరిగ్గా పొయ్యికీ తరుగుడు చోటుకూ మధ్య వస్తుంది. బరువైన వేడి గిన్నెను పక్కకు జరిపే దారి అదే. మెట్టుకు తగిలి ఒలికిందంటే కాళ్ల మీదే. గట్టులో కోసి దించే పొయ్యి పెడితే ఎత్తు అంగుళమో రెండో పెరుగుతుంది, గట్టు చదునుగా ఉంటుంది.

మూలసొరుగు:
దించే పొయ్యి కొనేవాళ్లకు మీ మాట సరిపోతుంది. ఉన్న పొయ్యినే వాడుకుంటే మాత్రం రోజూ భుజం లేపడం కన్నా మెట్టే మేలని నా అభిప్రాయం. గిన్నె జరపరు, ఎత్తి పెడతారు.

నీటిమట్టం:
పొయ్యి ఏదన్నది రాయి కోయకముందే తేల్చండి, తర్వాత మారదు. గట్టు రాయి ముందు అరల కన్నా ఒక అంగుళం బయటికి ఉండాలి, దాని అడుగున అంచుకు అర అంగుళం లోపలగా సన్నటి గాడి కొట్టించండి. అది లేకపోతే ఒలికిన నీళ్లు రాయి అడుగునే జారి చెక్కలోకి దిగుతాయి, రెండేళ్లలో తలుపుల పై అంచు ఉబ్బుతుంది. అరల అడుగున కాలివేళ్లకు 4 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల లోతు ఖాళీ వదలండి.

దీపం గది మధ్యలో ఒక్కటే పెడితే తరిగేవారి నీడ పలక మీదే పడుతుంది. పై అరల అడుగున, గోడ దగ్గర కాకుండా ముందు అంచు దగ్గర పట్టీ దీపాలు వేయించండి.

మూడడుగులు:
సున్నపుగీత గారూ, మీరిచ్చిన 8, 10 అడుగులు పూతకు ముందువా, తర్వాతవా? ఇటుక నుంచి ఇటుకకు అయితే పూత, టైల్ కలిపి ఒక్కో గోడకు అంగుళం పైగా పోతుంది. అప్పుడు 48 నడవ 46కి దిగుతుంది. గది మూలమట్టంగా ఉందో లేదో కూడా చూడండి: ఎదురు మూలల మధ్య రెండు కొలతలూ 12 అడుగుల 9⅝ అంగుళాలు రావాలి. తేడా అంగుళం దాటితే గట్టు వెనక సందు పడుతుంది.

ఆ తర్వాత నేల మీద సుద్దతో ఈ గీతలన్నీ గీయండి. గట్ల చోట ఖాళీ అట్టపెట్టెలు, ఫ్రిజ్ తలుపుకు 30 అంగుళాల అట్టముక్క పెట్టి, ఇద్దరూ ఒకేసారి లోపల నిలబడి అరగంట పని చేసినట్టు తిరగండి.

సున్నపుగీత:
ఇటుక నుంచి ఇటుకకే కొలిచాను. ఎడమ గట్టు లోతు 24 ఉంచి కుడిది 22కి తగ్గిస్తే నడవ మళ్లీ 48 అవుతుందా?

మూడడుగులు:
గట్టు దగ్గర అవుతుంది, ఫ్రిజ్ దగ్గర కాదు. అక్కడ 96 కాస్తా 94 అవుతుంది కాబట్టి నడవ 40కి పడుతుంది. లోతు తక్కువ ఉన్న ఫ్రిజ్ చూడండి. లేదా దాని వెనక గోడ బరువు మోసేది కాదని ఇంజనీరు నిర్ధారిస్తే 4 అంగుళాల గూడు తీయించండి. ప్లగ్ పాయింటు ఆ గూడులో పెట్టొద్దు, పక్క గట్టు పైన పెట్టండి. ఫ్రిజ్ లాగకుండానే ఆపగలగాలి.